మాత్రల కింద ఇంకో వరుస

మూర్ఛ ఉన్నవాళ్లను ‘ఫిట్స్ ఎప్పుడు ఎక్కువగా వస్తున్నాయి?’ అని అడిగితే ఏ ఊళ్లోనైనా ముందుగా వచ్చే జవాబులు మూడు. మాత్ర మరిచిపోయినప్పుడు, నిద్ర చాలనప్పుడు, టెన్షన్ పడినప్పుడు. మొదటి రెండింటినీ డాక్టర్లు శ్రద్ధగా వింటారు, చీటీ మీద రాసుకుంటారు. మూడోదానికి మాత్రం ‘టెన్షన్ పెట్టుకోకండి’ అన్న మాట తప్ప మన ఆస్పత్రుల్లో వేరే వైద్యం లేదు. ఎలా పెట్టుకోకుండా ఉండాలో చెప్పేవాళ్లు కనిపించరు. అమెరికాలోని సిన్సినాటి వైద్యులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో 266 మంది రోగులను అడిగితే, నూటికి 82 మంది తమ ఫిట్స్‌ను ఒత్తిడి రెచ్చగొడుతోందని చెప్పారు. వాళ్లలో సగానికి పైగా దాన్ని తగ్గించుకోవడానికి సొంతంగా ఏదో ఒకటి చేసి చూశారు. చేసి చూసినవాళ్లలో అత్యధికులు మేలు కలిగిందనే అన్నారు. రోగులు తమంతట తాము మొదలుపెట్టేసిన పనిని వైద్యం చూసీ చూడనట్టు వదిలేయడం తగదు. ఒత్తిడిని అదుపులో పెట్టుకునే శిక్షణ మూర్ఛ చికిత్సలో భాగం కావాలి. డాక్టరే దాన్ని చీటీలో మాత్రల కింద ఇంకో వరుసగా రాయాలి. మాత్రల బదులు రాస్తే మాత్రం ప్రాణాలకే ముప్పు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పకపోతే మొదటిది చెప్పకపోవడమే మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. మన దేశంలో ఆ సంఖ్య కోటికి పైమాటేనని అంచనా. సరిగా గుర్తించి మందులిస్తే నూటికి 70 మంది వరకు ఫిట్స్ లేకుండా బతకవచ్చని ఆ సంస్థే చెబుతోంది. చిక్కంతా మిగిలిన 30 మంది దగ్గరే. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పాట్రిక్ క్వాన్, మార్టిన్ బ్రోడీ అనే వైద్యులు కొత్తగా చికిత్స మొదలుపెట్టిన రోగులను ఏళ్ల తరబడి గమనించి 2000లో ఒక పరిశీలన ప్రచురించారు. అప్పటిదాకా ఏ మందూ వాడనివాళ్లలో 47 శాతానికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగాయి. రెండో మందుతో ఇంకో 13 శాతానికి ఆగాయి. మూడో మందు మార్చినా, రెండేసి కలిపి ఇచ్చినా ఆ తరువాత బాగుపడినవాళ్లు 4 శాతమే. తరువాతి కాలంలో కొత్త మాత్రలు చాలానే వచ్చాయి. దుష్ఫలితాలు తగ్గాయి, గర్భిణులకు కాస్త నిశ్చింత కలిగింది. మందులకు లొంగని మూర్ఛ మాత్రం దాదాపు మూడింట ఒక వంతు దగ్గరే నిలిచిపోయింది. ఫిట్స్ అదుపులో ఉన్నవాళ్లకు కూడా మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న బెంగ మాత్రలతో పోదు. ఫిట్ ఉండేది ఒకటి రెండు నిమిషాలు. దాని కోసం భయపడుతూ గడిపే కాలం నెలలూ ఏళ్లూ.

ఒత్తిడి నిజంగా ఫిట్స్ తెస్తుందా, లేక వచ్చాక మనమే దానికి కారణం వెతుక్కుంటున్నామా అన్నది న్యాయమైన అనుమానం. ఫిట్ వచ్చిన రోజున ఇంట్లో గొడవ జరిగి ఉంటే అది గుర్తుంటుంది, గొడవ జరిగీ ఫిట్ రాని రోజులు గుర్తుండవు. ఒత్తిడిలో ఉన్న మనిషికి నిద్ర తగ్గుతుంది, మాత్ర వేళ తప్పుతుంది. అసలు దోషం వాటిదే కావచ్చు. ఇంకో మెలిక కూడా ఉంది. కొందరిలో ఫిట్ రావడానికి కొన్ని గంటల ముందు నుంచే చిరాకు, దిగులు మొదలవుతాయి. అప్పుడు ఒత్తిడి కారణం కాదు, రాబోయే ఫిట్‌కు తొలి గుర్తు. ఈ చిక్కుముడి విప్పడానికి ప్రయోగశాలలో వీలుపడదు, ఎవరినీ కావాలని కష్టపెట్టి చూడలేం కదా. అయితే 1995 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లో నదులు పొంగి, కట్టలు తెగుతాయన్న భయంతో సుమారు రెండున్నర లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించినప్పుడు ప్రకృతే ఆ ప్రయోగం చేసిపెట్టింది. అక్కడి పరిశోధకులు ఇల్లు వదలాల్సి వచ్చిన మూర్ఛ రోగులనూ, వరద బెడద లేని ప్రాంతంలోని అలాంటి రోగులనూ పోల్చి చూశారు. ఇళ్లు వదిలినవాళ్లలో ఫిట్స్ పెరిగినవాళ్లు స్పష్టంగా ఎక్కువ. యుద్ధ ప్రాంతాల్లోని పిల్లల మీద క్రొయేషియాలో జరిగిన పరిశీలన కూడా ఇదే దిశలో ఉంది. ఒత్తిడికి శరీరం విడుదల చేసే హార్మోన్లు మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని తాకుతాయని జంతువుల మీద చేసిన పనివల్ల తెలుసు, చాలామందిలో మూర్ఛ మొదలయ్యేది కూడా ఆ చుట్టుపక్కలే. అందువల్ల రోగుల మాటను పూర్తిగా అపోహ కింద కొట్టిపారేయలేం. అందరి విషయంలోనూ అదే నిజమనీ అనలేం.

సరే, ఒత్తిడి ఫిట్స్‌ను పెంచవచ్చు. దాన్ని తగ్గిస్తే ఫిట్స్ తగ్గుతాయా? ఇది వేరే ప్రశ్న, దీనికి వేరే రుజువు కావాలి. ఇంతవరకు జరిగిన ప్రయత్నాల్లో నిజాయితీగా చేసినవాటిలో ఒకటి షెరిల్ హాట్, మైకేల్ ప్రివిటేరా బృందం అమెరికాలో జరిపి 2018లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రచురించిన ప్రయోగం. మందులు వాడుతున్నా రెండు నెలల్లో కనీసం నాలుగు ఫిట్స్ వచ్చిన 66 మందిని యాదృచ్ఛికంగా రెండు జట్లు చేశారు. మొదటి జట్టుకు కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదలడం, పొట్టతో నెమ్మదిగా ఊపిరి తీయడం నేర్పారు. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రూపొందించిన పాత పద్ధతే ఇది. రెండో జట్టు చేతులూ కాళ్లూ దాదాపు అలాగే కదిపింది, ముందురోజు ఏం చేశారో రాసుకోవడం లాంటి ఏకాగ్రత పనులు చేసింది. కండరాలు వదులు చేయడం మాత్రం వాళ్లకు నేర్పలేదు. రెండు జట్లూ రోజుకు రెండుసార్లు, రికార్డు చేసిన సూచనలు వింటూ, పన్నెండు వారాలు సాధన చేశారు. నిద్ర, ఒత్తిడి, ఫిట్స్ వివరాలు రోజూ డైరీలో నింపారు. విశ్రాంతి జట్టులో ఫిట్స్ 29 శాతం తగ్గాయి. సంతోషించే లోపే రెండో అంకె వచ్చింది. రెండో జట్టులో కూడా 25 శాతం తగ్గాయి. రెండింటి మధ్య లెక్కకు వచ్చే తేడా లేదు. ఒత్తిడి మాత్రం విశ్రాంతి జట్టులోనే ఎక్కువగా తగ్గింది.

ఈ ఫలితాన్ని సమర్థకులు సగం చెబుతారు, విమర్శకులు మిగతా సగం చెబుతారు. సమర్థకుల నోట 29 మాత్రమే వినిపిస్తుంది. విమర్శకులు ‘తేడా లేదు’ దగ్గర ఆగిపోతారు. విమర్శకుల వాదనకు బలం ఉంది. ఫిట్స్ ఎక్కువగా ఉన్న దశలో ఉన్నవాళ్లే ప్రయోగంలో చేరతారు, ఏమీ చేయకపోయినా తరువాత కొంత తగ్గడం సహజం. డాక్టర్లు పట్టించుకుంటున్నారన్న ధైర్యం కూడా పనిచేస్తుంది. దీన్ని కాదనలేం. కాకపోతే రెండో జట్టు చేసిన పనిని ఒకసారి చూడండి. రోజూ రెండు పూటలా ఒక వేళకు కూర్చోవడం, ఒళ్లు కదిలించడం, మనసు ఒకచోట నిలపడం, నిన్నటి రోజును నెమరు వేసుకోవడం, నిద్ర ఎంత పట్టిందో రాసుకోవడం. దాన్ని ఉత్తుత్తి చికిత్స అనడం కష్టం. అది కూడా ఒక క్రమశిక్షణే. కనుక ఈ ప్రయోగం తేల్చింది ఒకటే అనుకోవాలి. కండరాలు వదులు చేయడంలో ప్రత్యేకమైన మహిమ ఉన్నట్టు రుజువు కాలేదు. రోజువారీ సాధన, పరిశీలన కలిస్తే లాభం ఉండవచ్చు, ఎంత ఉందో ఇంకా తేలాలి. ఖర్చు దాదాపు సున్నా, ప్రమాదం దాదాపు సున్నా అయినచోట ఈ పాటి రుజువు చాలు. శస్త్రచికిత్సకో, ఖరీదైన మందుకో అయితే చాలదు. వైద్యంలో రుజువుకు అడిగే బరువు ఎప్పుడూ ఆ చికిత్స వల్ల కలిగే నష్టాన్ని బట్టే ఉంటుంది.

ఇక యంత్రాల మాట. బయోఫీడ్‌బ్యాక్ అంటే మనకు తెలియకుండా ఒంట్లో జరిగే ఒక మార్పును యంత్రం కొలిచి తెరమీద చూపించడం, అది చూస్తూ ఆ మార్పును మన అదుపులోకి తెచ్చుకోవడం నేర్చుకోవడం. గుండె వేగం, కండరాల బిగువు, వేళ్ల చెమట, మెదడు తరంగాలు, దేన్నయినా ఇలా చూపించవచ్చు. మూర్ఛలో ఎక్కువ ఆసక్తి కలిగించింది వేళ్ల చెమట మీద ఆధారపడినది. మనిషి ఉలిక్కిపడినా, చురుకెక్కినా వేళ్లలో కంటికి కనిపించనంత చెమట పుట్టి, చర్మం విద్యుత్తును మరికాస్త సులువుగా పోనిస్తుంది. బ్రిటన్‌లో పనిచేసిన యోకో నగాయ్ 2004లో మందులకు లొంగని 18 మంది మీద ఒక చిన్న ప్రయోగం చేశారు. నెల రోజుల్లో పన్నెండు తరగతులు. నిజమైన శిక్షణ పొందిన పదిమందిలో ఫిట్స్ సగటున సగం మేర తగ్గాయి, ఆరుగురిలో సగానికి మించి తగ్గాయి. ఉత్తుత్తి యంత్రం ముందు కూర్చున్న ఎనిమిది మందిలో అలాంటి మార్పు కనిపించలేదు. 2018లో ఆమె బృందమే 40 మందితో మరో పరిశీలన చేసింది. శిక్షణ పొందిన ఇరవై మందిలో ఫిట్స్ సగటున 43 శాతం తగ్గాయి. అయితే ఈసారి జట్లను యాదృచ్ఛికంగా విడదీయలేదు. అంకెలు ఆశ కలిగిస్తాయి, మనుషుల సంఖ్య జాగ్రత్తపడమంటుంది.

నగాయ్ పద్ధతిలో చాలామంది గమనించని విశేషం ఒకటుంది. ఆ శిక్షణ రోగిని విశ్రాంతిలోకి తీసుకెళ్లదు, మేలుకొలుపుతుంది. చర్మంలో విద్యుత్ ప్రవాహం పెరిగేలా, అంటే ఒళ్లు అప్రమత్తమయ్యేలా నేర్పుతుంది. శరీరం అలా చురుకెక్కినప్పుడు మెదడు పైపొరలోని ఉద్రేకం తగ్గుతుందన్నది దాని వెనకున్న సిద్ధాంతం. ‘మూర్ఛకు విశ్రాంతి మంచిది’ అని తేలిగ్గా అనేసే మనకు ఇది తలకిందులుగా తోచవచ్చు. నాడీ వైద్యులకు ఇందులో వింత లేదు. కొందరికి ఫిట్స్ కునుకు పట్టే వేళ, నిద్రలేచే వేళ వస్తాయి. యుక్తవయసులో మొదలయ్యే ఒక రకం మూర్ఛలో తెల్లవారి లేవగానే చేతులు అదిరి గ్లాసు జారిపోతుంది. పరీక్షల వారమంతా బాగానే ఉండి, అయిపోయిన మర్నాడు ఫిట్ వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లందరికీ ఒకే సలహా ఎలా సరిపోతుంది?

ఊపిరి విషయం మరీ జాగ్రత్తగా చూడాలి. చిన్నపిల్లలు కొన్ని క్షణాలు చూపు నిలిపి ఆగిపోయే రకం మూర్ఛ ఉంటుంది. దాన్ని బయటపెట్టడానికి మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ గదిలో వాడే పాత పద్ధతే పిల్లలను మూడు నిమిషాలు గబగబా ఊపిరి పీల్చి వదలమనడం. మందులు మొదలుపెట్టని పిల్లల్లో చాలామందికి అక్కడికక్కడే ఫిట్ వస్తుంది. మరి కపాలభాతి, భస్త్రిక లాంటి వేగమైన శ్వాసక్రియలను మూర్ఛ రకం తెలుసుకోకుండా అందరి చేతా చేయిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? దక్షిణ భారతంలో ఇంకో రకం కూడా ఎక్కువ. తలమీద వేడినీళ్లు పోసుకుంటే ఫిట్ వస్తుంది. బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు దీన్ని విస్తారంగా పరిశీలించారు. అలాంటివాళ్లకు ముందు కావలసింది ధ్యానం కాదు, గోరువెచ్చని నీళ్లు. విశ్రాంతి శిక్షణను డాక్టర్ చీటీలో రాయాలని పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే. ఎవరికి నెమ్మదితనం పనికొస్తుందో, ఎవరికి చురుకుదనం పనికొస్తుందో, ఎవరికి నిద్ర సరిచేస్తే చాలో రోగ నిర్ధారణ చేసిన మనిషికే తెలుస్తుంది.

మెదడు తరంగాల శిక్షణ కథ ఆసక్తికరమైనదే, ముగింపు మాత్రం ఇంకా రాలేదు. 1960ల్లో బారీ స్టెర్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పిల్లులకు సెకనుకు 12 నుంచి 15 సార్లు కదిలే ఒక తరంగాన్ని పెంచుకోవడం నేర్పాడు. తరువాత రాకెట్ ఇంధనంలో వాడే ఒక విష రసాయనం మీద పరిశోధన చేస్తుంటే, ఆ శిక్షణ పొందిన పిల్లులకు ఫిట్స్ ఆలస్యంగా వచ్చాయి, లేదా రాలేదు. 1972లో మనుషుల మీద తొలి ఫలితం ప్రచురించాడు. 2009లో వచ్చిన ఒక సమీక్షలో 87 మంది రోగుల సమాచారం కూడితే, నూటికి 74 మందికి వారపు ఫిట్స్ తగ్గినట్టు తేలింది. వినడానికి గొప్పగానే ఉంది. అయితే 1970 నుంచి 2005 దాకా వచ్చిన 63 అధ్యయనాల్లో లెక్కకు పనికొచ్చినవి పది మాత్రమే. ఈ శిక్షణకు డజన్ల కొద్దీ తరగతులు, తర్ఫీదు పొందిన నిపుణుడు, ఖరీదైన యంత్రం కావాలి. నగరాల్లో ఏకాగ్రతకూ మార్కులకూ ఈ యంత్రాలను అమ్ముతున్న కేంద్రాలు మూర్ఛ కుటుంబాల చేత అప్పులు చేయించే రోజు రాకూడదు. ప్రస్తుతానికి దాని స్థానం పరిశోధన ఆస్పత్రుల్లోనే.

యంత్రం లేని దారి మన దగ్గరే ఉంది, దానికి రుజువు కూడా మన దేశంలోనే పుట్టింది. చాలాకాలం మూర్ఛకు యోగా పనిచేస్తుందనే మాటకు ఆధారం పలచగానే ఉండేది. చెన్నై న్యూరాలజిస్టు శ్రీధరన్ రామరత్నం కాక్రేన్ సంస్థ కోసం చేసిన సమీక్షలో నిలబడగలిగిన ప్రయోగాలు రెండే, అందులో రోగులు మొత్తం 50 మంది. ఆ పరిస్థితిని మార్చింది ఢిల్లీ ఎయిమ్స్. మంజరి త్రిపాఠి బృందం 160 మంది రోగులను సగం సగం చేసి, ఒక జట్టుకు నిజమైన యోగా, రెండో జట్టుకు చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి యోగా నేర్పింది. ఆసనాలు ఒకటే. నెమ్మదిగా ఊపిరి కలపడం, ఒంటి కదలిక మీద మనసు పెట్టడం అన్న సూచనలు రెండో జట్టుకు లేవు. మూడు నెలల్లో ఏడు తరగతులు, ఇంట్లో వారానికి కనీసం అయిదు రోజులు అరగంట సాధన. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆరు నెలలకు ఫిట్స్ సగానికి మించి తగ్గే అవకాశం నిజమైన యోగా చేసినవాళ్లలో నాలుగు రెట్లకు పైగా ఉంది. అమెరికా ప్రయోగంలో కనిపించని తేడా ఇక్కడ కనిపించింది. ఎందుకన్నది తేలాలంటే ఇలాంటివి ఇంకో రెండు మూడు చోట్ల జరగాలి. అయితే ఎయిమ్స్ బృందం ప్రధానంగా కొలిచింది ఫిట్స్‌ను కాదు. తనకు జబ్బు ఉందన్న కారణంగా మనిషి లోలోపల పడే సిగ్గును, చిన్నతనాన్ని. అది కూడా తగ్గింది.

ఇక్కడే అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఎదురవుతుంది. ఒత్తిడి తగ్గించుకో అని చెప్పడమంటే, ఫిట్ వచ్చిన ప్రతిసారీ తప్పు రోగిదే అని చెప్పడం కాదా? మన ఇళ్లలో ఈ ప్రమాదం నిజంగానే ఉంది. ‘నువ్వు అతిగా ఆలోచిస్తావు, అందుకే వస్తోంది’ అన్న మాట ఓదార్పుగా మొదలై నిందగా మారడానికి ఎంతోసేపు పట్టదు. పైగా మూర్ఛ ఉన్నవాళ్ల ఒత్తిడిలో చాలా భాగం వాళ్ల తలలో పుట్టింది కాదు. ఆడపిల్లకు జబ్బు ఉందన్న సంగతి సంబంధాలవాళ్ల దగ్గర దాస్తారు. పెళ్లయ్యాక ఆమె అత్తవారింట్లో మాత్రలు దొంగచాటుగా మింగుతుంది, వీలుకాని రోజున మానేస్తుంది, ఫిట్ వస్తుంది. మూర్ఛను వివాహం రద్దుకు ఒక కారణంగా చూపే వీలును హిందూ వివాహ చట్టం నుంచి 1999లో తొలగించారు. ఆ సంగతి ఎంతమంది పెళ్లిపెద్దలకు తెలుసు? ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, గాలి సోకిందని తాయెత్తు కట్టించడం, బడి మాన్పించడం, ఇవన్నీ ఒత్తిడి కర్మాగారాలే. కనుక విశ్రాంతి శిక్షణ ఇచ్చే చోట ఇంటివాళ్లను కూడా కూర్చోబెట్టాలి. ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకెళ్లాలి అన్న మూడు మాటలు అందరికీ వస్తే ఆ ఇంట్లో సగం భయం తగ్గుతుంది. రోగికి చెప్పాల్సిన మాట ‘నీ టెన్షన్ వల్ల వచ్చింది’ కాదు. ‘నీ చేతిలో ఉన్న కొన్ని విషయాల్లో ఇదొకటి’ అన్నది. అదుపు లేదన్న భావనే మూర్ఛలో పెద్ద బాధ. ఆ భావనను ఇంచెడైనా వెనక్కి నెట్టే పనిని నింద అనలేం.

పేద దేశాల్లో నాలుగింట మూడు వంతుల మంది రోగులకు కావలసిన చికిత్సే అందడం లేదు. ముందు మాత్రలు అందించండి, ఊపిరి సంగతి తరువాత చూద్దాం అనేవాళ్లున్నారు. వరుస క్రమం విషయంలో వాళ్లు చెప్పేది సరైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఆమోదించిన కార్యాచరణ ప్రణాళిక 2031 నాటికి 80 శాతం మందికి మందులు అందాలంటోంది, మన లక్ష్యం కూడా అదే కావాలి. కానీ ఈ రెండు పనులూ ఒకే డబ్బు కోసం, ఒకే మనిషి సమయం కోసం పోటీపడవు. న్యూరాలజిస్టులు పెద్ద నగరాల్లోనే ఉంటారు. ఊపిరి నేర్పడానికి న్యూరాలజిస్టు అక్కర్లేదు. విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో, పల్లె దవాఖానాల్లో పనిచేసే సిబ్బందికి రెండు రోజుల తర్ఫీదు చాలు. ఆయుష్ ఆరోగ్య కేంద్రాల్లో యోగా శిక్షకులు ఇప్పటికే ఉన్నారు. 2025 జూన్ 21న విశాఖ సాగరతీరంలో మూడు లక్షల మంది చేత ఒకేసారి ఆసనాలు వేయించగలిగిన యంత్రాంగానికి, జిల్లాకు వందమంది మూర్ఛ రోగులను నెలకు రెండుసార్లు పోగు చేయడం అసాధ్యమేమీ కాదు. రికార్డు మాత్రం రాదు, అంతే. పైగా ఆ తరగతికి వచ్చినవాళ్ల మాత్రల సీసా చూడవచ్చు, డైరీ చూడవచ్చు. మాత్రలు ఎందుకు మానేశారో అడగడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

శస్త్రచికిత్స అవసరమైనవాళ్లు విశ్రాంతి సాధన పేరుతో ఆలస్యం చేస్తారన్న భయం కూడా సహేతుకమే. సరైన మోతాదులో రెండు మందులు వాడినా ఆగని మూర్ఛను మందులకు లొంగనిదిగా చూడాలన్నది 2010 నుంచి అంతర్జాతీయ నిర్వచనం. అలాంటివాళ్లను ఎపిలెప్సీ కేంద్రానికి పంపాలి. కణత భాగంలో పుట్టే మూర్ఛకు శస్త్రచికిత్స చేస్తే ఏడాదికి 58 శాతం మందికి స్పృహ తప్పే ఫిట్స్ ఆగిపోయాయనీ, మందులతోనే ఉన్నవాళ్లలో ఆ సంఖ్య 8 శాతమేననీ కెనడాలో 80 మంది మీద జరిగిన ప్రయోగం 2001లోనే తేల్చింది. ఏ బయోఫీడ్‌బ్యాకూ దీని దరిదాపులకు రాదు. శస్త్రచికిత్సకు పనికొస్తారో లేదో తేలేదాకా పట్టే నెలల్లో విశ్రాంతి సాధన చేయవచ్చు. దాని కోసం ఆ పరీక్షలు వాయిదా వేయడం నేరం.

డాక్టర్లు విశ్రాంతి శిక్షణ మాట ఎత్తితే నకిలీ వైద్యులకు తలుపు తీసినట్టవుతుందని కొందరు అంటారు. తలుపు ఎప్పటి నుంచో తెరిచే ఉంది, లోపలికి వచ్చి కూర్చున్నది వాళ్లే. ‘మందులు లేకుండా మూర్ఛ మాయం’ అనే ప్రకటన గోడల మీద నుంచి సెల్‌ఫోన్ తెరమీదకు మారిందంతే. మూర్ఛ, ఫిట్స్ నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల చట్టం కింద నేరం. ఆ చట్టం జాబితాలో రెండు పేర్లూ విడివిడిగా ఉన్నాయి. ఇన్ని ప్రకటనలు కళ్లముందే తిరుగుతున్నా కేసులు ఎందుకు లేవన్నది అడగాల్సిన ప్రశ్న. ఆ ప్రకటనలు నమ్మి మాత్రలు ఒక్కసారిగా ఆపేసినవాళ్లకు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా ఫిట్స్ వచ్చే స్థితి ఏర్పడవచ్చు, ప్రాణం పోవచ్చు. రోగికి కావలసిన సాధనను ఆస్పత్రే నేర్పితే దాని కోసం అతడు నకిలీ వైద్యుల గడప తొక్కనక్కర్లేదు. నేర్పేవాళ్లు మాత్రల జోలికి రాకూడదన్న ఒక్క నిబంధన ఉల్లంఘించరానిదిగా ఉండాలి.

ఆచరణలో ఈ శిక్షణ పెద్ద పనేమీ కాదు. మూర్ఛ రకం తేలాక, డాక్టర్ సరేనన్నాక, రోజుకు రెండుసార్లు ఇరవయ్యేసి నిమిషాలు కండరాలు బిగించి వదలడం, పొట్టతో నెమ్మదిగా ఊపిరి తీయడం. నీటి గట్టున, డాబా అంచున, పొయ్యి పక్కన కాకుండా నేలమీద చాప వేసుకుని. డైరీలో నాలుగు గడులు చాలు. మాత్ర వేసుకున్న వేళ, నిద్రపోయిన గంటలు, ఆ రోజు ఒత్తిడికి పదిలో ఎంతో ఒక అంకె, ఫిట్ వచ్చిందా లేదా. మూడు నెలల తరువాత అంతకు ముందు మూడు నెలలతో పోల్చి చూడాలి. ఫిట్స్ తగ్గకపోయినా నిద్ర మెరుగుపడి, బెంగ తగ్గి ఉంటే కొనసాగించవచ్చు. ఏదీ మారకపోతే మానేయవచ్చు, మానేసినందుకు ఎవరూ దెప్పకూడదు. ఇంతకన్నా గట్టి జవాబు కావాలనుకుంటే హైదరాబాద్ నిమ్స్‌లోనో, విశాఖ కేజీహెచ్‌లోనో రెండు వందల మంది రోగులు, తెలుగులో రికార్డు చేసిన ఒక ఆడియో, ఉత్తుత్తి సాధన చేసే ఒక జట్టు, రోజూ డైరీలు సరిచూసే ఇద్దరు నర్సులు చాలు. అమెరికా బృందానికీ ఎయిమ్స్ బృందానికీ వేర్వేరుగా వచ్చిన జవాబుల్లో ఏది మన రోగులకు వర్తిస్తుందో ఒక ఏడాదిలో తెలిసిపోతుంది.